అత్త వేయని వేలిముద్ర

(పద్నాలుగో భాగం)

ఏడేళ్ళ కిందట లోడుతో నాగపూరు లైనుకెళ్ళిన లారీ డ్రైవరు ధనరాజు తిరిగి రాలేదు. రాయపూరు దాటాక ఓ దాబా పక్కన అతని లారీ దొరికింది. తాళాలు బండికే వేలాడుతున్నాయి, మనిషి లేడు. ఆ మనిషి ఇక లేనట్టేనని మొన్న మాఘమాసంలో కోర్టు తీర్పిచ్చింది. ఆ కాగితం చేతికొచ్చాక అతని భార్య దేవి, సాలూరులో ఉన్న ఇల్లు అమ్మేసి కూతురు ఈశ్వరి ఇంటరు చదువు కోసం విజయనగరం వెళ్ళిపోదామని నిశ్చయించుకుంది. గోడలకి రంగులు వేయించింది. బ్రోకరు యుగంధర్ ఇల్లంతా వీడియో తీసి దేవి నంబరుతో యూట్యూబులో పెట్టాడు. అన్నీ సిద్ధమయ్యాయి గానీ, దస్తావేజు మీద పడాల్సిన, వారసుల్లో ఒకరైన అత్త లక్ష్మణమ్మ వేలిముద్ర ఒక్కటే మిగిలిపోయింది. రేపంటూ ఎల్లుండంటూ ఆమె నెల్లాళ్ళుగా జరుపుకొస్తోంది. గురువారం పొద్దున్న, ఇల్లు చూడ్డానికి గజపతినగరం నుంచి మనుషులు వస్తున్నారని దేవి గుమ్మం తుడుస్తుండగా ఫోను మోగింది. ఎవరో తెలియని ఆడగొంతు. "వీడియోలో గోడ మీద ఓ పోటో ఉన్నాది కదా, అది ఎవరిది?" అని అడిగింది.

"మా ఆయనది," అంది దేవి. "ఏం? మీరెవులు?"

అవతల ఊపిరి గట్టిగా పీల్చిన చప్పుడు. ఎక్కడో కోడి కూసింది. అంతే, ఫోను కట్టయిపోయింది. దేవి తిరిగి చేసింది. రింగయింది గానీ ఎత్తలేదు. రెండోసారి చేసేసరికి స్విచ్చాఫ్.

వీడియో పెట్టిన పది రోజుల్లో ఆమెకి ఎన్నో ఫోన్లొచ్చాయి. బోరు ఎంత లోతన్నవాళ్ళున్నారు. వీధిపోటు ఉందా అన్నవాళ్ళున్నారు. మీ కులమేటన్నవాళ్ళున్నారు. పనీపాటా లేక ఆడగొంతు వినడానికి చేసినవాళ్ళూ ఉన్నారు. ఫోటో గురించి మాత్రం ఎవరూ అడగలేదు. అసలు అది వీడియోలో పడటమే పొరపాటు. "అక్కా, ముందా పోటో దించీ. దండుంటే పోయినోడి ఇల్లంతారు, దండ నేకపోతే కత అడుగుతారు. రెండూ మనకొద్దు," అని యుగంధర్ ముందే చెప్పాడు. ఆమె స్టూలు తెచ్చుకునేలోపే అతని సెల్లు హాలంతా ఓ చుట్టు తిరిగేసింది.

యుగంధర్‌కి ముప్పై ఏళ్ళుండవు. సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం మధ్య బండి మీద తిరుగుతూ ఇళ్ళూ స్థలాలూ అమ్మిపెడుతుంటాడు. చెడ్డవాడు కాదు. ఇంటిని ఎలా చూపాలో తెలిసినవాడు. లారీల మోత వినబడకుండా పడమటి కిటికీ మూయించాడు. పెరట్లో ఏడేళ్ళుగా పడివున్న జాకీ, మోకులు, చిరిగిన టార్పాలిన్ పాతసామాన్లవాడికి వేయించాడు. గేటు దగ్గర మాత్రం దేవి నాలుగు రోజులు మొండికేసింది. ఆ గేటుకి బొమ్మలు వేసింది లారీలకి బొమ్మలేసే మనిషి. ఇల్లు కట్టిన ఏడు ధనరాజే అతన్ని వెంటబెట్టుకొచ్చి, మధ్యలో తామరపువ్వు, అటూ ఇటూ నెమళ్ళు, తన బండి మీద ఎలా ఉన్నాయో అలాగే వేయించాడు. "కొనేవోడు డ్రైవరు కాదు కదక్కా," అన్నాడు యుగంధర్. నిజమే. ఇప్పుడా గేటు బూడిదరంగులో, ఎవరి ఇంటిదైనా కావచ్చునన్నట్టు ఉంది.

పదింటికి వాళ్ళు వచ్చారు. జగన్నాధం గజపతినగరంలో హెడ్మాస్టరుగా చేసి దిగిపోయినాయన. కూతురికి సాలూరు బ్యాంకులో ఉద్యోగం, మనవరాలిని చూసుకోవడానికి ఇటు వచ్చేద్దామని వాళ్ళ ఉద్దేశం. ఆయన గోడలు తట్టి చూశాడు, స్లాబు మీదికెక్కి నీళ్ళు ఎటు పోతాయో చూశాడు. భార్య లక్ష్మీనరసమ్మ తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. గట్టు మీద చేయి ఆనించి నవ్వింది.

"ఇదేటమ్మా, ఇంత పొట్టిగా కట్టించుకున్నారు? వంగి వంగి నా నడుం పడిపోతుంది. ఏమండీ, ఇది కొట్టించేయాలండీ!"

దేవి పొట్టి మనిషి. గట్టు కట్టేనాడు ధనరాజు ఆమెని ఇటుకల వరస పక్కన నిలబెట్టి, మోచేయి ఎక్కడికొస్తుందో మేస్త్రీకి చూపించి, "ఇక్కడికి ఆపీ" అన్నాడు. మేస్త్రీ నవ్వితే, "వండేది నువ్వా?" అని కసురుకున్నాడు.

"కొట్టించుకోండి," అంది దేవి. "లోపల ఇనుము ఏటీ నేదు. ఒక్కరోజు పని."

హాల్లో కూర్చుని కాఫీ తాగుతూ లక్ష్మీనరసమ్మ నెమ్మదిగా అడిగింది. "మీ ఆయన ఎలా పోయారమ్మా?"

యుగంధర్ గొంతు సవరించుకున్నాడు.

"లైను మీద," అంది దేవి.

లారీలు తోలేవాళ్ళ ఊరు సాలూరులో ఆ మాట చాలు. అంతకుమించి ఎవరూ అడగరు. పెరటి గుమ్మంలో కత్తిపీట ముందు కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్న లక్ష్మణమ్మ చేయి మాత్రం ఒక్క క్షణం ఆగింది.

జగన్నాధానికి ఇల్లు నచ్చింది. సోమవారం తిథి బాగుందని, ఆ రోజే రిజిస్ట్రేషన్ పెట్టేసుకుందామని అన్నాడు. లేచి వెళ్ళబోతూ లక్ష్మీనరసమ్మ పెరటి గుమ్మం దాకా నడిచి ముసలామె ముందు వంగింది.

"పెద్దమ్మా, మీకిష్టమేనా? మీ మనసు కష్టపెట్టి ఈ ఇంట్లోకి మేం రాం."

లక్ష్మణమ్మ తలెత్తి ఆమె మొహంలోకి చూసింది. చింతపండు పళ్ళెం చంకనెత్తుకుని, నూతి గట్టు వైపు వెళ్ళిపోయింది.

"కొడుకు గుర్తొచ్చి ఉంటాడు," అంది లక్ష్మీనరసమ్మ కళ్ళు ఒత్తుకుంటూ.

వాళ్ళు వెళ్ళాక యుగంధర్ బండి స్టార్టు చేసి, ఆపి, మళ్ళీ దిగాడు. సంచీలోంచి సిరా పెట్టె తీసి దేవి చేతిలో పెట్టాడు. "అక్కా, ఇంత మంచోళ్ళు మల్లీ దొరకరు. సోమారం ఆఫీసులో మీ అత్త సెయ్యి ఎనక్కి తీసుకుంతే నా మొకం సెల్లదు. ఈ మూడ్రోజులూ తెల్లకాయితం మీద ఏయించి అలవాటు సెయ్యి." తను వేసిన జోకుకి తనే నవ్వుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఎండ పెరట్లో పెనంలా మండుతోంది. ఈశ్వరి ఆర్టీసీ బస్సు కాంప్లెక్సు దగ్గర ఇంగ్లీషు క్లాసుకి వెళ్ళింది, సాయంత్రానికి గానీ రాదు. దేవి కాఫీ గ్లాసులు కడుగుతుండగా మళ్ళీ ఫోను మోగింది. పొద్దుటి నంబరే.

"అపా, కట్ సేసీకు. పొద్దున నానే సేసినాను. కోపం పడకు."

అపా అంటే ఒడియాలో అక్క. ఆమె తెలుగులో సగం ఒడియా ఒరవడి, సగం సాలూరు యాస. ఆ సాలూరు యాస ఎవరి దగ్గర అబ్బిందో దేవికి అప్పటికి తట్టలేదు.

"నా పేరు సుభద్ర. ఉమర్‌కోట్ నుంచి సేస్తన్నాను. మా ఆయనకి పంచరు దుకాణం. నిన్న తెల్లారి దుకాణం తెరిసినాడు. సగం ఇప్పిన టైరు అలాగే వదిలేసి ఎల్లిపోనాడు. రాత్రీ రానేదు. పోను ఇంట్లోనే ఉన్నాది. తెరిసి సూస్తే నీ ఇంటి ఈడియో. నాలుగు రోజులుగా అదే సూస్తన్నాడు. నాను కాడకెల్తే పోను బోర్లా పెట్టీసేవోడు. అపా, ఆ గోడ మీద పోటోలో ఉన్నది మా ఆయన."

దేవి చేతిలోని గ్లాసు నెమ్మదిగా గట్టు మీద పెట్టింది. "పేరేటి?"

"రాజు. అందరూ రాజు మిస్త్రీ అంతారు."

"రాజులు ఊరికి పదిమందుంతారు."

"కుడి సేతి సూపుడువేలు సగమే ఉన్నాది. లారీ డోరు పడిపోనాదని సెప్పినాడు."

ఆ వేలు తెగిన రోజు విజయనగరం ఆసుపత్రిలో అతని పక్కన కూర్చున్నది దేవే. అప్పటికి ఈశ్వరి కడుపులో ఉంది.

బతికే ఉన్నాడు. ఆ మాటే ముందొచ్చింది. మిగిలినవన్నీ రాకముందే, ఎక్కడున్నాడు, ఎవరితో ఉన్నాడు అన్నవి మనసుకెక్కకముందే, ఒంట్లో ఉన్న రక్తమంతా ఒక్కసారి పైకి లేచినట్టయింది. ఆ సంతోషం ఎంతసేపు ఉందో తర్వాత ఆమెకే తెలియలేదు. మూడు ఊపిర్లు ఉంటుందేమో. ఆ తర్వాత వంటింటి నేల మీద చతికిలబడింది.

"నీ కాడికి వచ్చినాడా అపా?"

"రానేదు."

"నాకో బాబు. ఐదేళ్ళు. నాయన ఏడని అడుగుతన్నాడు. నిన్నటినుంచి ముద్ద ముట్టనేదు. ఆడికి ఏటి సెప్పాలి?"

ఆ ప్రశ్న దేవికి బాగా తెలుసు. ఎనిమిదేళ్ళ ఈశ్వరి ఇదే గుమ్మంలో నిలబడి ఏడాదిపాటు అడిగింది. ఈ మనిషిని తిట్టాలని నోట్లోకి వచ్చిన మాటలు అక్కడే ఆగిపోయాయి.

"లైనుకెల్లినాడని సెప్పు," అంది. "కొన్నాళ్ళు మల్లీ అడగరు."

అవతల సుభద్ర ఏడుస్తోంది. ఏడుపు మధ్యలో అంది. "నాకు తెల్దు అపా, నువ్వున్నావని ఒట్టు, తెల్దు. ఆయన తల్లి వచ్చినప్పుడు నోరిప్పి అడిగినాను కూడా. కోడలు సచ్చిపోనాది, పిల్లా నేదు జెల్లా నేదు, నాను ఒక్కర్తినే మిగిలినాను అని ఆవిడే సెప్పింది."

"ఎవులు సెప్పినారు?"

"ఆయన తల్లి. లక్ష్మణమ్మ. రెండేళ్ళ కిందట కార్తీకంలో వచ్చింది. బాబుని ఒళ్ళో ఎట్టుకుని రెండ్రోజులున్నాది."

దేవి "ఆయన కనబడితే పోను సేస్తాను" అని మాత్రం చెప్పి పెట్టేసింది.

రెండేళ్ళ కిందట కార్తీకం. వీధిలో ఆడవాళ్ళతో అరసవల్లి, శ్రీకూర్మం చూసొస్తానని అత్త మూడు రోజులు వెళ్ళింది. తిరిగొచ్చిన పూటే జ్వరం తగిలి పదకొండు రోజులు మంచం దిగలేదు. దేవి తను పనిచేసే లారీ బుకింగ్ ఆఫీసుకి సెలవు పెట్టి, గంజి కాచి పోసి, వేణ్ణీళ్ళతో ఒళ్ళు తుడిచి, రాత్రిళ్ళు మంచం కిందే పడుకుంది. సముద్రపు గాలి పడలేదు అత్తకి, అని అందరితో చెప్పింది.

లక్ష్మణమ్మ నూతి గట్టు పక్కన నీడపట్టున కూర్చుని ఉంది. చింతపండు పళ్ళెం పక్కనే ఉంది, పిక్కలు తీయడం లేదు. దేవి వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"అత్తా, ఉమర్‌కోట్ ఎవులితోటి ఎల్లినావు?"

ముసలామె తలెత్తలేదు. చింతపండు వంకే చూస్తూ అడిగింది. "కూర్మయ్య సెప్పీసినాడా?"

కూర్మయ్య! ధనరాజుతో కలిసి ఇరవయ్యేళ్ళు లైన్లు తిరిగిన డ్రైవరు. వారానికోసారి బుకింగ్ ఆఫీసుకొస్తాడు. వచ్చినప్పుడల్లా దేవి టీ చెప్పించి, "మావా, ఏమైనా కబురా?" అని అడుగుతుంది. అతను టీ ఊదుకుంటూ, "నేదమ్మా" అంటాడు. ఎన్ని టీలు తాగి ఉంటాడు, ఎన్నిసార్లు ఆ మాట అని ఉంటాడు!

"అయితే కూర్మయ్య మావకీ తెలుసు. ఇంకెవులికి తెలుసు? ఊరందరికీ తెలుసేటి, నాకూ పిల్లకీ తప్ప?"

"మా ఇద్దరికే. ఆడు మొక్కజొన్న లోడుకెల్లినాడు. దారిలో టైరు పంచరైనాది. పంచరెయ్యడానికి వచ్చినోడు మన రాజు." లక్ష్మణమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆడొచ్చి సెప్తే నాను నమ్మనేదు. సూపించమన్నాను. బండెక్కించుకుని తీసుకెల్లినాడు. సూసినాను."

"ఏటన్నాడు?"

"ఏటీ అననేదు. కాళ్ళట్టుకున్నాడు. ఎందుకిలాగ సేసినావురా, పెల్లాం ఏటి సేసింది, పిల్ల ఏటి సేసింది, అప్పులేటి, తగువులేటి అని అడిగినాను. ఏదీ నేదమ్మా అన్నాడు. 'బండాపి దిగినాను. మల్లీ ఎక్కబుద్దవనేదు' అన్నాడు. అంతే. రెండ్రోజులు అడిగినా అదే మాట."

ఎక్కబుద్ధి కాలేదు. ఏడేళ్ళుగా దేవి ఎన్ని ఊహించుకుంది! దొంగలు కొట్టి చంపేశారనుకుంది. లోయలో పడిపోయాడనుకుంది. మతి పోయి ఏ రైల్వేస్టేషనులోనో తిరుగుతున్నాడనుకుంది. గుర్తు తెలియని శవమని ఎక్కడ రాసినా లారీ యూనియన్ వాళ్ళతో ఫోను చేయించింది. రెండుసార్లు తనే వెళ్ళి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, తెల్లగుడ్డ తీసి చూసి, ఇతను కాదు అని చెప్పి, బయటికొచ్చి కక్కుకుంది. ఆ రెండు శవాల మొహాలు ఇప్పటికీ కలలోకి వస్తాయి.

"నువ్వు తిరిగొచ్చిన రోజు నాకు ఎందుకు సెప్పనేదు అత్తా?"

"సెప్దామనే వచ్చినాను. దారంతా అదే అనుకుంతా వచ్చినాను. గుమ్మంలోకి వచ్చేసరికి నువ్వు ఎదురొచ్చి నా సంచీ అందుకున్నావు. 'దేవుడికి మన సంగతి సెప్పినావా అత్తా?' అని అడిగినావు. నా నోరు పడిపోనాది."

"మర్నాడు సెప్పొచ్చు. నెల పోనాక సెప్పొచ్చు. రెండేళ్ళు!"

"సెప్తే నువ్వుంతావేటి?" లక్ష్మణమ్మ గొంతు ఒక్కసారి పైకి లేచింది. "ఆడు బతికుండి, ఇంకో ఇల్లు ఎట్టుకుని కూకున్నాడని తెలిస్తే, ఆడి తల్లికి నువ్వు ముద్దెందుకు పెడతావే? పిల్లనట్టుకుని శృంగవరపుకోట మీ అన్న ఇంటికెల్లిపోతావు. ఎల్లాల కూడాను. అందులో తప్పు నేదు. మరి నానో? అక్కడ ఆ పిల్ల మంచిదే, కాళ్ళు కడిగి కూకోబెట్టింది. కానీ దాని మాట నాకు సగం తెల్దు. ఆ బాబు నా మొకం సూసి దడుసుకున్నాడు. ఆడు కావాలా, నువ్వు కావాలా అని బండిలో కూకుని నన్ను నానే అడుక్కున్నాను. కన్న కొడుకు కదా, ఆడే కావాలనిపించాల. అనిపించనేదు. నువ్వే కావాలనిపించినావు."

దేవి ఆ మాట ఇంకెప్పుడన్నా విని ఉంటే ఏడ్చేసి ఉండేది.

"అందుకే అక్కడ నన్ను సంపేసినావా?"

"నువ్వున్నావని సెప్తే ఆ పిల్ల బతుకేటవుద్ది? ఒళ్ళో మూడేళ్ళ బిడ్డ. నోటికొచ్చిన అబద్దం ఆడీసినాను."

"అక్కడ నేను సచ్చిపోనాను. ఇక్కడ ఆయన సచ్చిపోనాడు. కోర్టులో జడ్జీగారు నిన్ను పిలిచి అడిగినారు కదా, నీ కొడుకు కబురేమైనా తెలిసిందా అమ్మా అని. నువ్వు తలొంచుకున్నావు. ఏడుస్తన్నావు పాపం అని ఆయన కూకోమన్నారు."

"ఏడిసినాను. అది నిజం."

"కాయితం వచ్చిన రోజు అందరూ నా గాజులు తీయాలన్నప్పుడు..."

"అడ్డం పడినాను కదే! దీని సేతులు ముట్టుకుంటే ఊరుకోనని అరిసినాను!"

"అవును. నా మీద పేమనుకున్నాను."

లక్ష్మణమ్మ దెబ్బ తిన్నట్టు వెనక్కి ఒరిగింది. నూతి గట్టుకి ఆనుకుని, నోరు తెరిచి, శబ్దం లేకుండా ఏడవడం మొదలుపెట్టింది. దేవికి ఆమె చేయి పట్టుకోవాలనీ అనిపించింది, అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు. ఎండ నీడని తినేస్తూ దగ్గరికి జరుగుతుంటే, ఇద్దరూ కాస్త కాస్త గోడవారకి జరిగి కూర్చున్నారు. మధ్యలో ఓసారి ముసలామె దాహంతో దగ్గింది. దేవి లేచి వెళ్ళి నీళ్ళు తెచ్చి ఇచ్చింది, మొహం చూడకుండానే.

నీళ్ళు తాగాక లక్ష్మణమ్మకి కాస్త ఓపిక వచ్చినట్టుంది. చేతులు నేలకాన్చి లేచింది. లోపలికెళ్ళి, కాసేపటికి కాగితాల కవరూ, సిరా పెట్టే పట్టుకుని వచ్చింది. అవి దేవి ముందు పెట్టి, పెట్టె మూత తీసి, బొటనవేలు సిరాలో గట్టిగా ఒత్తింది.

"ఎక్కడ ఎయ్యాల, సూపించు."

"అత్తా, ఏటిది?"

"నెల్లాళ్ళ నుంచి ఎందుకెయ్యనేదో ఇప్పుడు తెలిసినాది కదా. బతికున్న కొడుకు సచ్చిపోనాడని వేలెయ్యడానికి సెయ్యి రానేదు. ఇప్పుడు వస్తాది. ఆడు నాకు సచ్చినోడే. నువ్వు ఇల్లమ్మీసి ఎల్లిపో. పిల్లని సదివించుకో. నా గురించి సూడకు. కూర్మయ్య పెల్లాం ఓ మూల పడుకోనిస్తాది."

దేవి ఆ నీలం వేలికేసి చూస్తూ కూర్చుంది. నిన్న ఈ సమయానికి ఈమె ఈ మాట అని ఉంటే ఎగిరి గంతేసేది. ఈ గుమ్మంలో కూర్చుని గేటు చప్పుడైనప్పుడల్లా తలెత్తే బతుకు నుంచి పారిపోవాలనే కదా ఇల్లమ్మకానికి పెట్టింది. ఇప్పుడు ఎవరి కోసమూ తలెత్తక్కర్లేదు. కానీ తెలిసిపోయింది. తెలియకుండా పెడితే ఆ సంతకం సంతకమే. తెలిసి పెడితే అబద్ధం. పొద్దున్న ఈ ముసలామె ముందు వంగి, మీకిష్టమేనా పెద్దమ్మా అని అడిగిన ఆ ఆడమనిషి కళ్ళ ముందు మెదిలింది. మనవరాలిని ఎత్తుకుని ఆవిడ ఈ ఇంట్లో కూర్చున్నాక ఎప్పుడో ఒకనాడు ధనరాజు వచ్చి, నేను చావలేదండీ అంటే?

"కడుక్కో అత్తా," అంది.

"కోపంతోటి సెప్తన్నావా?"

"కోపం ఉన్నాది. అది వేరే. ఆ కాయితం మీద నువ్వు ఎయ్యకూడదు. నేనూ పెట్టకూడదు. కడుక్కో."

లక్ష్మణమ్మ కదల్లేదు. దేవే చెంబుతో నీళ్ళు ముంచి, ఆమె చేయి లాక్కుని, సబ్బు రాసి వేలు రుద్దింది. సిరా ఓ పట్టాన వదల్లేదు. గోరు చుట్టూ నీలం అలాగే ఉండిపోయింది. చేయి వదిలేసి యుగంధర్‌కి ఫోను చేసింది.

"సోమారం కుదరదు తమ్ముడూ."

"ఏటక్కా! మీ అత్త మల్లీ పేచీయా?"

"అత్త వేస్తానన్నాది. నేనే వద్దన్నాను. మేష్టారికి నేనే సెప్తాను, నువ్వు మాటపడక్కర్లేదు. ఆ ఈడియో తీసీ."

"తీస్తే ఎలాగక్కా, అదింకా బాగా ఎల్తన్నాది..."

"తీసీ," అని పెట్టేసింది.

సాయంత్రం నాలుగున్నర అయింది. ఎండ గోడెక్కింది. నిన్న పొద్దున్న బయల్దేరినవాడు ఒడిశా జైపూరులో బస్సు మారి, కొండల్లో ఘాటీ దిగి వచ్చినా రాత్రికే సాలూరు చేరాలి. రాలేదంటే ఇటు రాలేదు. ఇంకెక్కడో దిగి, మళ్ళీ ఎక్కబుద్ధి కాక కూర్చుని ఉంటాడు. ఉమర్‌కోట్‌లో సుభద్ర గుమ్మంలో నిలబడి దారి చూస్తూ ఉంటుంది. ఆ పిల్లకి ఫోను చేసి రెండు ముద్దలు తినమని చెప్పాలనిపించింది దేవికి. ఎందుకనిపించిందో ఆమెకే వింతగా ఉంది. ఫోను చేతిలోకి తీసుకుంది.

గేటు చప్పుడైంది. ఈశ్వరి పుస్తకాల సంచీ భుజాన వేసుకుని, చెమటలు కక్కుతూ పెరట్లోకి వచ్చింది. అమ్మనీ నాయనమ్మనీ మార్చి మార్చి చూసింది.

"ఏటలా ఉన్నారిద్దరూ? అమ్మా, ఇల్లు సూడ్డానికి ఎవులో వచ్చినారు. ఈడియోలో సూసినాడట. కాంప్లెక్సు కాడ రాత్రి నుంచి కూకున్నాడట, పాపం, ఇల్లు ఏ పక్కనో మరిసిపోనాడట. అడుగుతుంటే నానే తీసుకొచ్చినాను."

లక్ష్మణమ్మ నూతి గట్టు పట్టుకుంది.

"ఎక్కడున్నాడు?" అంది దేవి.

"గేటు బయట. మొకానికి తువ్వాలు సుట్టుకున్నాడు. లోపలికి రమ్మంతే రానంతన్నాడు. నా మొకంకేసే సూస్తన్నాడు, బాగోనేదు ఆ మనిషి. మంచినీళ్ళడిగినాడు." ఈశ్వరి చెంబు అందుకుని నీళ్ళు ముంచి గుమ్మం వైపు తిరిగింది.

దేవి లేచి, కూతురి చేతిలోంచి చెంబు తీసుకుంది.

"నువ్వు నాయనమ్మ కాడ కూకో. నేను ఇచ్చొస్తాను."